క్లబ్ రిలే జట్టు: ఎవరికి ఏ లెగ్ ఇవ్వాలి, మార్పిడి దగ్గర ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మా క్లబ్ తరఫున మొదటిసారి ఒక రిలే పోటీకి వెళ్తున్నాం. వరసగా ఐదు లెగ్‌లు, అంటే అంచెలు: పరుగు, రోడ్డు సైకిల్, ఇద్దరు కలిసి తెడ్లేసే కనూ పడవ, మట్టిదారి సైకిల్, చివర్లో ఒక్కరే నడిపే సన్నటి పడవ కయాక్. ఆరుగురం ఉన్నాం. చిక్కల్లా ఒక్కటే. మాలో అందరికంటే బాగా పరిగెత్తేవాడే కయాక్ కూడా బాగా నడుపుతాడు. అతనికి పరుగంటే ఇష్టం. మొదటి లెగ్‌లో గట్టివాడు ఉంటే జట్టుకి ఊపొస్తుందని మిగతావాళ్లూ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:
ఇష్టాలు కాసేపు పక్కన పెట్టి ముందు గడియారం చూడండి. అతను పరిగెత్తితే ఎంత పడుతుంది, అతని బదులు ఇంకొకరు పరిగెత్తితే ఎంత? కయాక్‌లోనూ ఆ రెండు లెక్కలు ఇవ్వండి.

అడిగినవారు:
పరుగు 10 కి.మీ. అతను 45 నిమిషాల్లో ముగిస్తాడు, బదులు వెళ్లే అమ్మాయికి 50 పట్టొచ్చు. కయాక్ అతనికి గంట. ఆ అమ్మాయికి నడపడం వచ్చుగానీ 85 నిమిషాల దాకా పడుతుంది.

జవాబు:
అయితే తేలిపోయింది. అతను పరిగెత్తి ఆమె కయాక్ ఎక్కితే 130 నిమిషాలు. ఆమె పరిగెత్తి అతను కయాక్ ఎక్కితే 110. మనుషులు వాళ్లే, 20 నిమిషాలు మిగిలాయి. పరుగులో మంచివాడికీ మామూలువాడికీ మధ్య తేడా చిన్నది. నీళ్లమీద అలా కాదు. గాలి ఎదురైతే, అల పక్కనుంచి కొడితే, నేర్పు లేనివారు పడవ తిరగబడకుండా చూసుకోవడంలోనే బలమంతా పోగొట్టుకుంటారు. అందుకే "ఎవరు దేనిలో బెస్టు" అని కాకుండా "ఎవరు లేకపోతే ఏ లెగ్‌లో ఎక్కువ నష్టం" అని అడగండి.

"మొదట గట్టివాడు" అన్న మాట ఊరికే పుట్టలేదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన ట్రయథ్లాన్ మిక్స్‌డ్ రిలేలో (ఆడా మగా కలిసిన జట్ల పోటీ) ఒక్కొక్కరూ 300 మీటర్ల ఈత, 6.8 కి.మీ. సైకిల్, 2 కి.మీ. పరుగు, మూడూ చేసి తర్వాతివారికి అప్పగించాలి. అక్కడ ముందువాళ్ల చక్రం వెనక నక్కి గాలి తప్పించుకుంటూ తొక్కడానికి అనుమతి ఉంది. కాబట్టి మొదటి మనిషి గుంపునుంచి జారితే తర్వాతివాళ్లు ఒంటరిగా గాలితో పోరాడాలి. మీ పోటీ నియమాల్లో రోడ్డు సైకిల్‌కి అలా వెనకపట్టడం ఒప్పుకుంటారేమో చూసుకోండి. ఒప్పుకుంటే పరుగులో కొంచెం ముందుండడానికి విలువ ఉంది. అయినా మీ 20 నిమిషాలకు అది సాటి రాదని నా అభిప్రాయం.

ఇంకొకటి: పరుగు దారి ఎత్తుపల్లాలు చూశారా? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగే స్కీ టు సీ పోటీలో ఏడు లెగ్‌లు, ఎనిమిది మంది. అందులో పరుగు దాదాపు 8 మైళ్లు, మొత్తం కొండ దిగుడే. దిగుడులో వేగం వస్తుందిగానీ ప్రతి అడుగుకీ ఒంటి బరువును ఆపేది తొడల ముందు కండరాలే. సమతలం మీదే సాధన చేసినవారికి సగం దారిలోనే కాళ్లు వణుకుతాయి. మీ దారీ అలాంటిదైతే ఆ అమ్మాయి ఇప్పటినుంచే వారానికోసారి దిగుడు పరుగు చేయాలి.

మరొకరు:
మార్పిడి గురించి, అంటే ఒకరు లెగ్ ముగించి తర్వాతివారికి అప్పగించడం గురించి నేను చెప్తాను. కొత్త జట్లు ఎక్కువగా సమయం చేజార్చుకునేది ఇక్కడే, అదీ కాళ్లలో బలంతో పనిలేని చోట.

చాలా పోటీల్లో సమయం లెక్కించడానికి చీలమండకు కట్టుకునే చిప్ పట్టీ ఒకరినుంచి ఒకరికి మారుతుంది. చెమటతో, బురదతో వేళ్లు జారుతుంటే దాన్ని విప్పడం అనుకున్నంత తేలిక కాదు. వచ్చినవారు వంగొద్దు, కదలకుండా నిలబడాలి. అందుకునేవారే కింద కూర్చుని విప్పి తమ కాలికి కట్టుకోవాలి. అలసిపోయి వచ్చినవారి చేతులు అప్పటికి పట్టుతప్పి ఉంటాయి. హెల్మెట్ క్లిప్పు పెట్టుకున్నాకే సైకిల్ ముట్టుకోవాలి, సైకిల్ ఎక్కేచోట గీసిన గీత దాటాకే ఎక్కాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా ట్రయథ్లాన్ నియమాల ప్రకారం శిక్ష పడుతుంది.

ఎప్పుడు వస్తారో ఒక్క సమయం రాసుకోవద్దు. తొందరగా వస్తే ఎప్పుడు, ఆలస్యమైతే ఎప్పుడు అని రెండు రాయండి. ఒక్కో లెగ్‌లో 10 నిమిషాలు అటూఇటూ అయితే కయాక్ వంతు వచ్చేసరికి 40 నిమిషాల దాకా తేడా పేరుకుంటుంది. కొండల్లో, నది ఒడ్డున ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు. తొందర సమయానికే ఒళ్లు వేడెక్కించుకుని సిద్ధంగా ఉండాలి, ఆలస్యమైతే చలి తగలకుండా కప్పుకోవడానికి ఏదైనా ఉండాలి. పడవలు, సైకిళ్లు ఏ బండిలో ఏ దారిన ముందుగా చేరతాయో కాగితం మీద పెట్టండి. పోటీ దారులు మూసేశాక బండి వెనక్కి తిప్పుకోలేరు.

అడిగినవారు:
ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కనూ జంట ఇంకా తేలలేదు. ఇద్దరు బలవంతుల్ని పెడదామా?

మొదట చెప్పినవారు:
బలం కంటే జత కుదరడం ముఖ్యం. ముందు కూర్చున్నవారు లయ పెడతారు, వెనకవారు దిశ చూసుకుంటారు, సాధారణంగా బరువైనవారే వెనక. పోటీ కనూల్లో కొన్ని తెడ్లకోసారి ఒకరు "హట్" అని కేక వేస్తే ఇద్దరూ ఒకేసారి పక్క మారుస్తారు. ఆ మార్పులో తెడ్డు తప్పితే వేగం అక్కడే పడిపోతుంది. కలిసి సాధన చేయగల ఇద్దర్నే ఎంచుకోండి.

నీళ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తున్నాను. లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోవాలి, వదులుగా ఉంటే నీళ్లలో గడ్డం దాటి పైకి జారిపోతుంది. కయాక్ తిరగబడితే పడవలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ ఉండే స్కర్టును ముందున్న పట్టీ లాగి విప్పి బయటికి రావడం నిపుణుల పక్కన, లోతు తక్కువ నీళ్లలో చేసి చూడాలి. అది చేతికి అలవాటయ్యేదాకా ఎవరినీ ఆ లెగ్‌కి పంపొద్దు. చల్లటి నీళ్లలో పడితే మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన మాట వినదు. అప్పుడు ఈదడానికి తన్నుకోకుండా జాకెట్ మీద తేలుతూ ఊపిరి నెమ్మదించనివ్వాలి, ఆ తర్వాతే పడవ పట్టుకోవాలి. ఇంత చెప్పాక కూడా ఆ రోజు గాలి చూసి భయమేస్తే మానుకునే హక్కు ఆ మనిషిదే, జట్టుది కాదు.

అడిగినవారు:
అతనితో మాట్లాడాం, కయాక్‌కి ఒప్పుకున్నాడు. ఆఖరి సందేహం: అంతసేపు ఎదురుచూసేటప్పుడు ఏం తినాలి?

మరొకరు:
తన వంతుకు రెండు మూడు గంటల ముందు కడుపు నిండా, అలవాటైన భోజనమే. దగ్గరపడ్డాక కొద్దికొద్దిగా. గంట దాటే లెగ్ అయితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోండి. అది కూడా సాధనలో తిని చూసిందే అయి ఉండాలి. కయాక్ అతనికి విడిగా చెప్పండి: నీళ్లలోకి దిగాక తెడ్డు వదిలి పొట్లం విప్పడం కుదరదు, సీసా గొట్టం నోటికందేలా జాకెట్‌కి బిగించుకోవాలి.