ష్నైడర్‌ని స్నైడర్ చేసిందెవరు?

పెన్సిల్వేనియా_తాతయ్య: మా కోడలి పుట్టింటి పేరు స్నైడర్. మనవడి కోసం వంశవృక్షం గీస్తున్నాను. వాళ్ళ మూలపురుషుడు జర్మనీ నుంచి 1749లో ఫిలడెల్ఫియాలో ఓడ దిగాడట. అసలు పేరు ష్నైడర్, ఎల్లిస్ ఐలాండ్‌లో (న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన చోటు) ఆఫీసరు మార్చేశాడని వియ్యపురాలు అంటున్నారు. నిజమేనా?

పాత_దస్తావేజు: కాదండీ. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. అక్కడైనా ఓడవాళ్ళు తెచ్చిన జాబితా ముందు పెట్టుకుని సరిచూసేవాళ్ళు, కొత్త పేర్లు పెట్టేవాళ్ళు కాదు. మీరు చూడాల్సింది ఫిలడెల్ఫియా ప్రమాణ జాబితాలు. 1727 నుంచి అక్కడ దిగిన జర్మన్ మగవాళ్ళు బ్రిటిష్ రాజుకు విధేయులమని సంతకం పెట్టాల్సి ఉండేది. కెప్టెన్ జాబితాలో ఇంగ్లీషు చెవికి వినిపించిన పేరుంటుంది, సంతకాల్లో మనిషి తాను రాసుకున్న పేరుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ష్నైడర్ అంటే దర్జీ కాబట్టి టేలర్ అని కూడా వెతకండి.

గుంటూరు_మిర్చి: గుమాస్తాలు మార్చరా? ఇక్కడ ఒక ఆఫీసులో నా పేరు, ఇంటిపేరు తారుమారు చేశారు. పదకొండేళ్ళుగా అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు. ఇప్పుడే ఇలా ఉంటే అప్పుడెలా ఉండేదో!

పాత_దస్తావేజు: మీ ఆఫీసు సంగతి వేరు సార్. 1749 ముందా, 1892 ముందా? అది చెప్పండి.

పెన్సిల్వేనియా_తాతయ్య: అన్నదమ్ములు ముగ్గురూ యోహాన్, తండ్రీ యోహానే. ఇదేం గోల?

లలిత: యోహాన్ బాప్తిస్మం పేరు బాబాయ్ గారూ, పిలిచేది రెండో పేరుతో. యోహాన్ పీటర్ ఉంటే పీటర్ అని వెతకండి. ఒంటరిగా యోహాన్నెస్ అని ఉంటే మాత్రం అదే పిలుపు. చర్చి పుస్తకంలో ష్నైడరిన్ కనిపిస్తే కంగారు పడకండి, ఆడవాళ్ళకు చివర ‘ఇన్’ తగిలించేవాళ్ళు. అది వేరే కుటుంబమనుకుని నేను రెండు నెలలు పాడు చేసుకున్నా.

కోనసీమ_కొబ్బరి: జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఇల్లరికం వెళ్ళినవాడికి ఆ పొలం పేరే ఇంటిపేరయ్యేదట. మనవాళ్ళు ఒప్పుకుంటారా 😀

గుంటూరు_మిర్చి: టాపిక్ మార్చకండి. అమెరికా ప్రెసిడెంట్ హూవర్ పూర్వీకులు హూబర్లు. ఎవరు మార్చారు మరి?

పాత_దస్తావేజు: ఒక్కరోజులో ఎవరూ మార్చలేదు. పాస్టరు ఒకలా, భూమి పత్రం రాసినవాడు ఇంకోలా రాస్తూ పోతే చివరికి ఒకటి నిలబడింది. జిమ్మర్‌మాన్ అంటే వడ్రంగి, ఆ ఇంటిపేరువాళ్ళలో కొందరు పేరును కార్పెంటర్ అని మార్చుకున్నారు, వాళ్ళంతట వాళ్ళే.

గుంటూరు_మిర్చి: ఆ ‘వాళ్ళంతట వాళ్ళే’ వింటేనే నాకు మండుతుంది! మా నాన్న పేరని మావాడికి వెంకట సుబ్బయ్య అని పెట్టుకున్నా. క్లాసులో నవ్వీ నవ్వీ వాణ్ణి ‘వెన్’ చేశారు. ఇప్పుడు వాడే అలా రాసుకుంటున్నాడు. వాడంతట వాడే మార్చుకున్నాడంటారా?

లలిత: అన్నా, మీ బాధ వేరే...

పాత_దస్తావేజు: ఎవరి తప్పని నేను అనలేదు. ఎవరు రాశారన్నదే అడుగుతున్నా.

గుంటూరు_మిర్చి: నేను అడిగేది ఎవరు రాయించారని!

పెన్సిల్వేనియా_తాతయ్య: దొరికాడు. కెప్టెన్ జాబితాలో స్నైడర్. సంతకాల జాబితాలో ష్నైడర్ అనే ఉంది, కానీ పక్కన చిన్న గుర్తు. ఆయనకు సంతకం రాదు, పేరు గుమాస్తా రాసిందే.

గుంటూరు_మిర్చి: చూశారా!

పాత_దస్తావేజు: అయినా ఎల్లిస్ ఐలాండ్ కాదు.