ఇంట్లో పానాలకు 22 వేలు: దండగా, అవసరమా?

గుత్తిరోడ్_బుల్లెట్ (అనంతపురం)
అందరికీ నమస్తే. రెండేళ్లలో పానాలు, సాకెట్లు, జాకీలు కలిపి 22 వేల దాకా పెట్టాను. మొన్న ఆదివారం రేకుల కింద వాటిని సర్దుతుంటే మా నాయన చూసి, "ఈ దుడ్డుతో పదేళ్లు షెడ్డులో చేయించుకోవచ్చు గదరా" అన్నాడు. ఆ మాట నాలుగు రోజులుగా చెవిలోనే ఉంది.

నాకున్నవి 2013 బుల్లెట్, 2016 స్విఫ్ట్. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ బిగువు, టైర్లు ముందువి వెనక్కి మార్చడం, ఇవన్నీ ఇంట్లోనే చేసుకుంటున్నాను. ఎక్కువ ఖర్చు ఎక్కడైందంటే అరంగుళం డ్రైవ్ (అంటే సాకెట్ తగిలించే పిడి మొన అరంగుళం చదరం) సాకెట్ సెట్టు 3,400, టార్క్ రెంచి (బిగువు కొలిచి బిగించే పానా) 3,900, రెండు టన్నుల ట్రాలీ జాకీ 3,600, కారు కింద పెట్టే స్టాండ్లు జత 1,900. ఫిక్స్ పానాలు టపారియావి కొత్తవే కొన్నాను. రింగు పానాలు మాత్రం గుజిరీ అంగట్లో ఏరుకున్నాను. పాతవైనా ఉక్కు గట్టిది, నోరు అరగలేదు. మన ఊళ్లో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, తుప్పు బాధ తక్కువ. దుమ్ము తుడుచుకుంటే చాలు.

ఇల్లు నడిపే మనిషి పానాలకు ఇంత పెట్టడం తప్పా? నిజంగా అడుగుతున్నాను.

ఎర్రనేల_77 (కడప)
లెక్క వేద్దాం. మా వైపు బుల్లెట్ సర్వీసుకు కూలి 600 ఇస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు, 1,200. కారుకు ఏడాదికోసారి 2,000. మొత్తం 3,200. మీ 22 వేలను దాంతో భాగిస్తే దగ్గరదగ్గర ఏడేళ్లు. ఆయిలూ ఫిల్టరూ ఎక్కడ చేయించినా మనమే కొనాలి కాబట్టి అవి లెక్కలోకి రావు. మీ నాయన పదేళ్లన్నది కొంచెం ఎక్కువ, అంతే. పెద్దాయన మాటే సరి.

కర్నూలు_కొత్త
అన్నా, నాది పల్సర్ 150. మొదటిసారి సాకెట్ సెట్టు కొంటున్నా. అరంగుళం డ్రైవ్ తీసుకోవాలా, 3/8 తీసుకోవాలా?

షెడ్డు_పాతూరు (అనంతపురం)
తమ్ముడూ, నేను 26 ఏళ్లుగా షెడ్డులో ఉన్నా. అడిగావు కాబట్టి చెప్తున్నా, మనసులో పెట్టుకోవద్దు.

3,900 పెట్టి కొన్న రెంచి మీద అంకెలు ఎంత నుంచి ఎంతదాకా ఉన్నాయి? అరంగుళం డ్రైవ్ అంటున్నావు, ఎక్కువగా 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల (బిగించే బలానికి కొలత) దాకా ఉంటుంది. బుల్లెట్ మీద 10 నంబరు పానా పట్టే ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) బోల్టుకు కావలసింది 10 న్యూటన్ మీటర్లు. 8 మిల్లీమీటర్ల లావు బోల్టుకు 22, 25. అంటే ఇంజన్ కవర్ల మీద నువ్వు విప్పే వాటిలో ఎక్కువ భాగానికి అది పనికే రాదు.

పోయిన నెల ఒక సారు క్లచ్ కవర్ విప్పి బిగిస్తూ అరంగుళం రాచెట్ (సాకెట్ తిప్పే పిడి) వాడాడు. బోల్టు తల ఊడి చేతికొచ్చింది, మిగతా ముక్క అల్యూమినియంలోనే ఉండిపోయింది. ఆటోలో బండి తెచ్చాడు. ముక్క సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, ముక్క తీసి, మర మళ్లీ కోసి హెలికాయిల్ (పాడైన మరలో పెట్టే తీగ చుట్ట) కూర్చోబెట్టేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. డ్రిల్లు పక్కకు ఒక మిల్లీమీటరు జారితే కేసింగే పోయేది. ఇంట్లో పానాలు పెట్టుకున్నవాళ్లు చివరికి మా దగ్గరికే వస్తారు, రెండింతల పనితో వస్తారు.

లైన్_మనిషి (పెనుకొండ)
కార్ల ప్లాంటులో పని చేస్తాను. ఒకటి ఒప్పుకుంటా, 40 నుంచి మొదలయ్యే రెంచితో 10 బిగించలేం. కానీ దాన్ని పట్టుకుని రెంచే దండగ అనడం సరికాదు. దాని అసలు చోటు కారు చక్రం. చిన్న కార్ల నట్లకు 85 నుంచి 110 దాకా చెప్తారు, ఎవరి కారు పుస్తకంలో వాళ్లు చూసుకోవాలి.

75 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే 220 న్యూటన్ మీటర్లు పడుతుంది. కావలసిన దానికి రెండింతలు. స్టడ్ (చక్రం నట్టు ఎక్కే బోల్టు) సాగుతుంది. ఆ రోజు ఏమీ కాదు, తర్వాత ఎప్పుడో తెగుతుంది. మర మీద ఆయిల్ ఉంటే అదే అంకె దగ్గర ఇంకా ఎక్కువ బిగుస్తుంది. ఇవన్నీ చేతికి తెలియవు.

షెడ్డు_పాతూరు
చేతికి తెలియదా? నట్టు కూర్చునే వేళ పానా ఒక్కసారి బరువెక్కుతుంది. ఆ తర్వాత పావు తిప్పు. బోల్టు సాగడం మొదలైతే మెత్తగా వస్తుంది, వెంటనే చెయ్యి ఆగిపోతుంది. 26 ఏళ్లలో నా చేతిలో స్టడ్ తెగిందని ఎవరూ వెనక్కి రాలేదు. పానా మీద నేను ఎప్పుడూ నిలబడలేదు.

లైన్_మనిషి
అన్నా, మీ చెయ్యి గురించి కాదు నేను చెప్పింది. పొద్దున 9 గంటల చెయ్యీ రాత్రి 9 గంటల చెయ్యీ ఒకటి కాదు. మే నెల 42 డిగ్రీల ఎండలో రేకుల కింద అసలే కాదు.

షెడ్డు_పాతూరు
నా చెయ్యి గురించే చెప్పావు. ఇంకెవరి చెయ్యి?

తెల్లస్కూటర్ (ప్రొద్దుటూరు)
నేను టీచర్ని. స్కూటర్ ఉంది. షెడ్డుకు పోతే బండి నాదైనా మా తమ్ముడి మొహం చూసి మాట్లాడతారు. "బెల్టు మార్చాలంట, చెప్పు అక్కకు" అంటారు, నేను పక్కనే నిలబడి ఉంటే. ఇప్పుడు ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు, గాలి కొట్టే చిన్న మిషను, ప్లగ్ పానా, నాలుగు టీ పానాలు నా డిక్కీలోనే ఉంటాయి. 2,600 అయింది. లెక్క ప్రకారం ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో నాకు అక్కర్లేదు.

ఎర్రనేల_77
మేడమ్, మీది వేరే విషయం. ఇక్కడ అసలు ప్రశ్న 22 వేలు. బుల్లెట్ గారూ, టార్క్ రెంచి రెండేళ్లలో ఎన్నిసార్లు వాడారు?

గుత్తిరోడ్_బుల్లెట్
తొమ్మిదిసార్లు. వాడిన ప్రతిసారీ అంకె అడుగుకు తిప్పి డబ్బాలో పెడతాను, దాంతో ఎప్పుడూ నట్టు విప్పను.

ఎర్రనేల_77
3,900 ను తొమ్మిదితో భాగిస్తే ఒక్కోసారికి 433 రూపాయలు. టైర్ల అంగట్లో నాలుగు చక్రాలు మార్చి బిగించడానికి 300 కూడా తీసుకోరు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కర్నూలు_కొత్త
అన్నా, అరంగుళమా 3/8 నా, ఎవరైనా చెప్పండి. ఈ శనివారం కొంటున్నా.

గుత్తిరోడ్_బుల్లెట్
సరే ఎర్రనేల గారూ, ఆ 433 ఎందుకో చెప్తాను. ఇంతవరకూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట ఒక షెడ్డులో టైర్లు మార్పించాను. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. మూడో రోజు మా అమ్మను తీసుకుని తాడిపత్రికి పోతున్నా. 60 మీద పోతుంటే ముందు ఎడమ పక్కన టకటక మొదలైంది. మొదట రాయి ఇరుక్కుందేమో అనుకున్నా. తర్వాత స్టీరింగు వణికింది. పక్కన ఆపి దిగి చూస్తే ఒక నట్టు లేనే లేదు, ఇంకో రెండు నా వేళ్లతోనే తిరిగాయి. నట్టు పోయిన చోట స్టడ్ మర నున్నగా అరిగి మెరుస్తోంది. అమ్మ లోపల కూర్చుని "ఏమైందప్పా" అంటోంది, నాకు మాట రాలేదు. కారులో ఉన్న పానాతో ఉన్నవి బిగించి, 20 మీద వెనక్కి తెచ్చాను. ఆ రాత్రే రెంచికి ఆర్డర్ పెట్టాను. దాని "టక్" అనే శబ్దం వినకుండా ఇప్పుడు మా ఇంట్లోవాళ్లను కారు ఎక్కించను.

భాగించండి, ఇప్పుడు భాగించండి.

షెడ్డు_పాతూరు
అంటే ఈ 22 వేలు పానాలకు కాదు, మా మీద నమ్మకం లేక పెట్టినవి. మొదటి మాటే అది చెప్పి ఉంటే నేను హెలికాయిల్ కథ చెప్పేవాణ్ణే కాదు.

నేనూ ఒకటి చెప్తా, వినండి. 1999 లో నేను సొంతంగా మొదలుపెట్టినప్పుడు ఫిక్స్ పానా సెట్టు, రింగు పానా సెట్టు కంతు మీద తీసుకున్నా. రోజుకు 20 రూపాయలు, సాయంత్రం అంగడివాడే వచ్చి తీసుకుపోయేవాడు. పని లేని రోజు కూడా 20 కట్టాల్సిందే. ఆ సెట్టులో 12-13 రింగు ఒక గిరాకీ "పొద్దున ఇస్తా అన్నా" అని తీసుకుపోయాడు. 25 ఏళ్లయింది. దాని చోట వేరే కంపెనీది ఉంది, ఇప్పటికీ చెయ్యి పెడితే తెలుస్తుంది.

మీరు అంగట్లో 3,900 అంటే 3,900 ఇచ్చి బిల్లు తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే బేరమే లేదు. మా దగ్గరికొచ్చి 300 అంటే "200 తీసుకో అన్నా, రెండు బోల్టులే కదా" అంటారు. తెగిన బోల్టు తెచ్చిన ఆ సారును 700 అడిగా. మూడున్నర గంటల పని. 400 చేతిలో పెట్టి, "డ్రిల్లు వేయడమే కదా" అని పోయాడు. అదే సారు ఆ వారమే 5,000 పెట్టి డ్రిల్లు మిషను కొన్నాడని తర్వాత ఆయన డ్రైవరే చెప్పాడు. ఇనుముకు ఇస్తారు, చేతికి ఇవ్వరు. నాకు కోపం మీ రెంచి మీద కాదు.

లైన్_మనిషి
అన్నా, చెయ్యి గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటా. లెక్క వెనక్కి తీసుకోను.

తెల్లస్కూటర్
షెడ్డు అన్నా, నేను ఒక్కసారి కూడా బేరం చేయలేదు. అయినా మా తమ్ముడి మొహమే చూశారు. మీ బాధ నిజమే, నాదీ నిజమే.

ఎర్రనేల_77
నమ్మకం విషయమైతే లెక్కకు అందదు, ఒప్పుకుంటా. అయినా అన్నీ కొనాల్సిన పని ఏముంది? రెంచి ఒక్కటి కొని, బిగించింది సరిచూసుకుంటే 3,900 తో పోయేది. మిగతా 18 వేలు నమ్మకం కోసం కాదు, ఇష్టం కోసం.

గుత్తిరోడ్_బుల్లెట్
ఎర్రనేల గారూ, అది నిజం. ఆదివారం పొద్దున కాఫీ తాగి పానాలు వరసలో పేర్చి, చేతికి గ్రీజు అంటుకుంటే నాకు వారం టెన్షన్ దిగిపోతుంది. బ్యాంకులో ఆరు రోజులు స్క్రీన్ చూస్తాను. నేను విప్పిన వస్తువు నేనే బిగించి, అది మళ్లీ నడిస్తే వచ్చే సంతోషం వేరే ఎక్కడా దొరకలేదు. నాయనకు ఇది చెప్పలేక లెక్క చెప్పబోయాను. లెక్కలో ఓడిపోయాను.

షెడ్డు అన్నా, మీకు ఒకటి చెప్పాలి. ఆ రోజు టైర్లు మార్చినతను 300 అడిగాడు. నేను 200 ఇచ్చాను. ఫోన్ చూసుకుంటూ "తొందరగా కానీ" అని మూడుసార్లు అన్నాను. ఆఖరి చక్రం బిగిస్తున్నప్పుడు ఇంకో బండివాడు పిలిస్తే అతను లేచిపోయాడు. అప్పుడే గమనించాను, అయినా స్టార్ట్ చేసి వచ్చేశాను.

షెడ్డు_పాతూరు
లేదు తమ్ముడూ. వంద తగ్గించి ఇచ్చినా, పది సార్లు తొందర పెట్టినా, బిగించని నట్టుతో బండి బయటికి పంపడం తప్పే. అది అతని తప్పే. ఆ విషయంలో నేను అతని పక్కన నిలబడను. ఆఖర్న నాలుగు చక్రాలూ ఇంకోసారి చుట్టి వస్తే రెండు నిమిషాలు. నేను అందుకే నట్టు బిగించాక దాని మీద సుద్దతో గీత గీస్తా. గీత లేదంటే ఆ నట్టు ముట్టలేదని లెక్క. మీ రెంచి కంటే ముందు నుంచీ ఉన్న పద్ధతి అది.

లైన్_మనిషి
మా లైన్ మీదా బిగించాక గుర్తు పెడతాం అన్నా. రంగు పెన్నుతో.

ఎర్రనేల_77
అయినా ఏడేళ్లు ఏడేళ్లే.

కర్నూలు_కొత్త
అన్నలూ, రేపే శనివారం. అరంగుళమా? 3/8 నా?

షెడ్డు_పాతూరు
3/8 తీసుకో నాయనా. పల్సర్ మీద నువ్వు ముట్టే పనికి అది సరిపోతుంది, అరంగుళంతో చిన్న బోల్టులు తెంపుకుంటావు. సాకెట్ లోపల ఆరు మూలలవి అడుగు, పన్నెండు మూలలవి వద్దు. పన్నెండువి పాత నట్ల మూలలు గుండ్రం చేస్తాయి. 8, 10, 12, 14, 17, ఈ ఐదూ ఉన్నాయా లేదా చూసుకో, 40 ముక్కల డబ్బా అక్కర్లేదు. దాంతోపాటు 8, 10 టీ పానాలు వేరుగా తీసుకో, సగం పనులకు రాచెట్ కంటే అవే బాగుంటాయి. వెనక చక్రం ఇరుసు నట్టుకు అరంగుళం కావాలి, దానికి ఇప్పుడే కొనవద్దు, షెడ్డుకు పో.

జపాన్ కంపెనీల బండ్ల మీద స్టార్ స్క్రూల తల పక్కన చిన్న చుక్క ఉంటుంది. వాటికి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే జారి తల పోతుంది. వాటికి జపాన్ కొలత మొన వేరే ఉంది. ఇంట్లో ఎవరిదైనా ఆ బండి ఉంటే అదొకటి తీసుకో.

ఒక డబ్బా సుద్దముక్కలు కూడా కొను.