ఎల్లో పైన్ కొయ్యతో పడవ ఫ్రేములు (లోపలి అడ్డ పక్కటెముకలు) వేయొచ్చా?

సంగమేశ్వరం వైపు, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తిప్పడానికి 16 అడుగుల చదును అడుగు పడవ. పలకలకు 9 ఎంఎం మెరైన్ ప్లైవుడ్. ఫ్రేములు ఒకటిన్నర ఇంచీ మందం, రెండున్నర వెడల్పు, 16 ఇంచీలకొకటి. టేకు ధర వింటే గుండె గుభేలుమంటోంది. కర్నూలు డిపోలో అమెరికా సదరన్ ఎల్లో పైన్ దొరుకుతోంది.

కొయ్య కోసిన కొనలు చూస్తే ఇంచీకి 6 పెరుగుదల వలయాలకు తగ్గలేదు, వాటిలో గట్టి ముదురు రంగు పట్టీలు మూడో వంతు పైనే. బలానికి ఢోకా లేదు. భయమంతా పుచ్చుతోనే. చాలా ముక్కల్లో చేవ తక్కువ, బయటి తెల్లకొయ్యే ఎక్కువ. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక పడవ ఒడ్డున ఎండుతుంది. తర్వాత పడే వాన నీళ్లు ఫ్రేము, అడుగు పలక కలిసే మూలలో నిలుస్తాయి. పుచ్చు మొదలయ్యేది అక్కడే. నీళ్లు పారడానికి ముప్పావు ఇంచీ గండ్లు కోసి, కోసిన చోట ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే పూత) పట్టిస్తే చాలునా?

పుచ్చు పట్టకుండా రాగి మందు ఎక్కించిన కొయ్య తీసుకుంటే మామూలు ఇనుప స్క్రూలు తినేస్తుంది, 316 స్టెయిన్‌లెస్ వాడాలి, అది తెలుసు. కానీ ఆ కొయ్య తేమ 12 శాతానికి దిగకముందే ఎపాక్సీ పూస్తే పొర లేచిపోతుందా?

ఇంకోటి, పైన్ కొయ్యలోంచి ఊరే జిగురు. ఆరబెట్టే బట్టీలో బాగా వేడి తగలని కొయ్యయితే మన ఎండకు ఆ జిగురు రంగు కిందినుంచి బొట్లుబొట్లుగా కారుతుంది. అతికించే ముందు అసిటోన్‌తో తుడవడం సరిపోతుందా?

అడుగు ఫ్రేములకు నల్లతుమ్మ, పక్కలకు పైన్ కలిపి వాడినవాళ్లుంటే జాయింట్ల దగ్గర ఏం జరిగిందో చెప్పండన్నా.