మేడ మీద సోలార్: మిగిలిన కరెంటును డిస్కంకి అమ్మితే లాభమా?

కావలి_అబ్బాయి
వేసవిలో మా ఇంట్లో రెండు ఏసీలు తిరుగుతాయి, నెలకు 400 యూనిట్లు దాటుతున్నాయి. సోలార్ గురించి అడిగితే ఒకాయన 3 కిలోవాట్లు చాలన్నాడు. ఇంకొకాయనేమో 5 పెట్టించు, మిగిలింది డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకు) అమ్ముకుని లాభపడొచ్చు అంటాడు. పేపర్లో చూస్తే మన డిస్కంలకు రాజస్థాన్ సోలార్ యూనిట్ 2.49 రూపాయలకే ఇచ్చేలా ఒప్పందమట. అంత చౌకగా దొరికేటప్పుడు నా దగ్గర ఎక్కువ పెట్టి కొంటారా? పెట్టించినవాళ్లు చెప్పండన్నా.

ఒంగోలు_మేడ
రెండేళ్లయింది, 3 కిలోవాట్లు. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం సబ్సిడీ 78,000 వచ్చింది. 5 పెట్టినా అంతే వస్తుంది, అది ముందు గుర్తుపెట్టుకో.

అసలు లాభం అమ్మడంలో లేదు తమ్ముడూ, స్లాబుల్లో ఉంది. మొదటి 30 యూనిట్లు 1.90, అదే 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. సోలార్ ముందు కోసేది ఆ పై యూనిట్లనే. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్ల లెక్కన నెలకు 350 దాకా వస్తాయి. నవంబర్‌లో వాయుగుండం పడితే మాత్రం వారం రోజులు యాప్ చూడకుండా ఉండటం మేలు.

ఇంకోటి, నాకు పెట్టినవాడు చెప్పలేదు. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది! నడినెత్తిన ఎండ, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

రిటైర్డ్_సబ్‌స్టేషన్
ఆగాల్సిందే బాబూ. సప్లై తీసి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు వెనక్కి వచ్చి తగిలితే? అందుకే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. కోతలప్పుడూ కావాలంటే బ్యాటరీ ఉన్న రకం వేరే ఉంది, ఖరీదు ఎక్కువ.

ఆ 2.49 సంగతి. 2021 డిసెంబర్‌లో 7,000 మెగావాట్లకు 25 ఏళ్ల ఒప్పందం అది. లైన్లలో నష్టం, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా తెచ్చే ఖర్చు ఆ ధరలో ఉండవు. సోలార్‌కు ఇంధనం కొనక్కర్లేదు కాబట్టి ధర పాతికేళ్లు కదలదు. బొగ్గు ధర పెరిగితే థర్మల్ యూనిట్ ధరా పెరుగుతుంది. డిస్కంకు పెద్ద లాభం ఇదే. కేంద్రం పెట్టిన నిబంధన కూడా ఉంది: కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదకం ఉండాలని. 2029-30కి అది 43.33 శాతం.

చీమకుర్తి_రాయి
ధర కదలదా సార్? 2019లో పాత గాలి, సోలార్ ఒప్పందాల ధర తగ్గించుకోమని ప్రభుత్వమే పట్టుబట్టింది కదా.

రిటైర్డ్_సబ్‌స్టేషన్
నిజమే. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పంద ధరే కట్టమంది. వేలం లేని రోజుల్లో విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించిన ధరలవి, ఇప్పటితో పోలిస్తే ఎక్కువ. ఇప్పుడు వేలంలో ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే.

రొయ్యల_గుంట
మాది విడవలూరు వైపు. పగలు కరెంటు చౌక అంటే మాకేం లాభం? గుంటలో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి, తెల్లవారుజామున ఇంకా ఘోరం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సింది అప్పుడే. ఆ టైమ్‌లో సూర్యుడెక్కడ?

రిటైర్డ్_సబ్‌స్టేషన్
డిస్కం బాధ కూడా అదేనయ్యా! మధ్యాహ్నం అందరి మేడల మీదా కరెంటే. పొద్దుగూకాక అందరూ ఒకేసారి ఏసీ వేస్తారు. అప్పుడు ఎక్స్ఛేంజ్‌లో (కరెంటు అమ్మకం, కొనుగోలు జరిగే మార్కెట్‌లో) యూనిట్ ధర గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయల దాకా పోతుంది. మన నేలటూరు థర్మల్‌లో 800 మెగావాట్ల యంత్రాలను మధ్యాహ్నం ఆపి సాయంత్రం మళ్లీ లేపడం స్విచ్ వేసినంత సులువు కాదు. బాగా తగ్గించినా 55 శాతం దగ్గర నడపాలి. అందుకే ఈమధ్య టెండర్లలో సోలార్‌తోపాటు బ్యాటరీ కూడా అడుగుతున్నారు. మీ మిగులుకు పై స్లాబు రేటు రాకపోవడానికి కారణం కూడా ఇదే, అది మధ్యాహ్నపు కరెంటు.

చీమకుర్తి_రాయి
క్వారీ దుమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు. మా ప్యానెళ్ల మీద వారంలో బూడిద పూసినట్టవుతుంది. కడిగిన రోజు, కడగని రోజు యాప్‌లో తేడా కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోయకండి, పగలొచ్చు. తెల్లారే కడగండి.

కావలి_అబ్బాయి
3 కిలోవాట్లే ఖాయం చేశానన్నా. మాకు దుమ్ము లేదుగానీ సముద్రపు ఉప్పుగాలి. స్టాండ్ ఇనుముదైతే ఎన్నాళ్లు ఆగుద్ది?

ఒంగోలు_మేడ
రంగు పూసిన ఇనుము వద్దు, జింకు పూతది లేదా అల్యూమినియంది అడుగు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అని కొటేషన్‌లో రాయించుకో. మావి రెండేళ్లకే తుప్పు పట్టాయి.