కియా కార్ల ముఖం ఇంతగా మార్చడం అవసరమా?

టవర్ క్లాక్ (అనంతపురం):
2019 ఆగస్టులో సెల్టోస్ వచ్చినప్పుడు మొదట్లోనే బుక్ చేసినవాణ్ణి. అంతకుముందు బెంగళూరు బస్సులో పోతూ వస్తూ, పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర ఆ ఫ్యాక్టరీ లేవడం కిటికీలోంచి చూసినవాణ్ణి. వాన పడితేనే సెనక్కాయ పండే మన నేలలో కారు తయారవుతోందంటే ఆ సంతోషం వేరు. అందుకే ఈ మాటలు ఇంట్లోవాళ్ల గురించి చెప్పుకుంటున్నట్టే చెబుతున్నా.

నన్ను పడేసింది బండి ముందుండే గ్రిల్, అదే ఇంజిన్‌కు గాలి పోయే జాలి. పై అంచుకు నడుమ, కింది అంచుకు నడుమ లోపలికి చిన్న నొక్కు. పులి ముక్కు అంటారు దాన్ని. ఆడి టీటీ కారు డిజైన్‌తో పేరు తెచ్చుకున్న పీటర్ ష్రైయర్ కియాకు వచ్చాక, 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో పెట్టిన నమూనా కారుతో అది మొదలైంది. రాత్రి ప్రయాణం చేసి వచ్చిన మర్నాడు పొద్దున తడిగుడ్డ పెట్టి అక్కడ అతుక్కున్న పురుగుల్ని తుడుస్తుంటే ఆ వంపు వేలికి తగులుతుంది. ఇన్నేళ్లుగా చేతికి అలవాటైన ముఖం.

ఇప్పుడు సైరోస్ చూడండి. గ్రిల్ ఉండాల్సిన చోట మూసేశారు. హెడ్‌లైట్లు నిలువుగా బంపర్ అంచులకు పోయాయి. కారెన్స్ క్లావిస్‌కేమో ముక్కోణపు లైట్లు. 2021లో లోగో కూడా మార్చి అక్షరాలు కలిపేశారు, దాన్ని 'కె ఎన్' అని చదివేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. కొత్తదనం వద్దని నేననను. కానీ పాతదాని పోలిక ఒక్కటైనా మిగలాలి కదా? మీరేమంటారు?

దేవుని కడప:
అన్నా, నేను ఒప్పుకోను. మేం తీసుకున్నది సైరోసే. షోరూమ్‌లో చూసినప్పుడు నాకూ పెట్టెలాగే అనిపించింది. కానీ మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మునుపటి బండిలో తిరుపతి పోయొస్తే రెండు రోజులు మంచం దిగేది కాదు. ఇందులో వెనక సీటు వెనక్కి జరుగుతుంది, వాలుతుంది కూడా. కాళ్లు చాపుకుని రాజంపేట దాటకముందే నిద్రపోయింది.

ఆ పెట్టె ఆకారం ఊరికే రాలేదు. నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ బండికి జీఎస్టీ 18 శాతం, ఆ హద్దు దాటితే 40. కాబట్టి పొడవు పెంచలేరు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం కియాదే ఇంకో చిన్న బండి సోనెట్‌లో 2,500 మిల్లీమీటర్లు, ఇందులో 2,550. మిగతా చోటంతా ఎత్తు పెంచి, వెనక భాగం నిటారుగా పెట్టి తేవాల్సిందే. అందం కోసం పైకప్పు వాల్చితే తల తగిలేది మా అమ్మకే.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
నాది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. కడప తమ్ముడు లోపలి సంగతి చెప్పాడు, నేను బయటి సంగతి చెబుతా. ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. పైన సన్నని ఎల్‌ఈడీ గీత, అసలు హెడ్‌లైటు కింద బంపర్‌లో, ఇదే ఇప్పుడు ఫ్యాషన్. పోయిన నెల అలాంటి బండి ఒకటి వచ్చింది, ఏ కంపెనీదో ఎందుకులే. నంద్యాల రోడ్డులో దూడ అడ్డమొచ్చిందంట. పాతకాలం బండి అయితే బంపర్ పగిలేది, లైటు పైన భద్రంగా ఉండేది. దీనికి బంపరూ పోయింది, లైటూ పోయింది. లైటు మొత్తం ఒకే పీసు, అద్దం మాత్రం విడిగా దొరకదు. బిల్లు చూసి ఆ పెద్దాయన పాపం స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. అందం సంగతి తర్వాత, మన రోడ్ల మీద తిరిగే బండికి లైటు ఎక్కడుండాలో కూడా ఆలోచించాలి.

పెన్నా తీరం (తాడిపత్రి):
టవర్ క్లాక్ గారూ, మీ బాధ అర్థమైంది కానీ రెండు విషయాలు కలిపేస్తున్నారు. పెనుకొండలో బిగిస్తారు, గీసేది అక్కడ కాదు. కియా డిజైన్ కేంద్రాలు కొరియాలోని నామ్‌యాంగ్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్నాయి. కరెంటు కారుకు ముందు అంత పెద్ద గ్రిల్ అక్కర్లేదు, అందుకే ఈవీ9కి ముఖం మూశారు. అదే పోలిక పెట్రోలు, డీజిల్ బళ్లకూ తెస్తున్నారు. మీరు పోలిక పోయిందంటున్నారు, నాకైతే కొత్త పోలిక మొదలైనట్టుంది. పులి ముక్కు కూడా 2007లో కొత్తదే కదా.

(పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మనం ఇంకా అనంతపురం కియా అనే అంటున్నాం, నేనూ అంతే.)

టవర్ క్లాక్ (అనంతపురం):
కడప తమ్ముడూ, అమ్మ విషయంలో నీ మాటకు తిరుగులేదు. ఎత్తు, వెడల్పు, వెనక సీటు, అవన్నీ ఒప్పుకుంటున్నా. కానీ వెనక సీటు జరగడానికి ముందు గ్రిల్ తీసేయాల్సిన పని లేదు కదా?

పెన్నా తీరం గారూ, ఈవీకి ముఖం మూస్తే నాకు అభ్యంతరం లేదు. డీజిల్ బండికి రేడియేటర్ ఉంది, దానికి గాలి కావాలి. ఆ గాలి దారిని కిందికి దించి, పైన లేనట్టు చూపించడమే నాకు నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు కనబడితే బండికి వచ్చే అందం వేరు. పులి ముక్కు 2007లో కొత్తదే, నిజమే. కానీ అది వచ్చాక చిన్న బండి నుంచి పెద్ద బండి దాకా అన్నీ ఒక ఇంటివే అని తెలిసేది. ఒకడు పొట్టి, ఒకడు పొడుగు అయినా అన్నదమ్ములని ముక్కు చూసి చెప్పమా? సైరోస్‌నూ క్లావిస్‌నూ పక్కపక్కన పెడితే నాకు ఆ చుట్టరికం కనబడట్లేదు.

మా పాప చిన్నప్పుడు బెంగళూరు హైవే మీద ఎదురొచ్చే కియాలు లెక్కపెట్టేది. అల్లంత దూరం నుంచే వేలు చూపించేది. మొన్న సోమందేపల్లి దగ్గర కొత్త కార్లు మోసుకుపోతున్న లారీ వెనక మేం చాలాసేపు ఉన్నాం. కట్టేసిన బండిని పరీక్షగా చూసి, "ఇది మనదేనా నాన్నా?" అంది. లోగో కనబడిందాకా నేనూ చెప్పలేకపోయాను.

దేవుని కడప:
వచ్చే నెల ధర్మవరంలో పెళ్లి ఉందన్నా, అమ్మతోనే వస్తున్నా. బండి మీ ఇంటి ముందు ఆపుతా. పాపను వెనక కూర్చోబెట్టి అడుగుదాం.