మూడో రోజు జ్వరానికే వైడాల్ పాజిటివ్, నిజంగా టైఫాయిడేనా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మా తమ్ముడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాడు. జ్వరం వచ్చిన మూడో రోజు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే సీబీపీ (రక్తకణాల లెక్క), మలేరియా, డెంగీకి చేసే ఎన్ఎస్1, టైఫాయిడ్‌కి చేసే వైడాల్ అన్నీ కలిపి ఒకేసారి రాసేశారు. మలేరియా, డెంగీ నెగెటివ్. ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు, తెల్లకణాలు కాస్త తక్కువ. వైడాల్‌లో మాత్రం ఓ 1:160, హెచ్ 1:160 వచ్చింది. "వైరల్‌తో పాటు టైఫాయిడ్ కూడా ఉంది" అని చెప్పి రోజుకో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మర్నాటికే జ్వరం దిగిపోయింది. మా నాన్నేమో వాడికి నిరుడు కూడా టైఫాయిడ్ అన్నారు కదా, అది రక్తంలోనే ఉండిపోయి ఏటా తిరగబెడుతోంది అంటున్నారు. వైరస్, బాక్టీరియా రెండూ ఒకేసారి వస్తాయా? వైరల్ అయితే యాంటీబయాటిక్ పనిచేయదంటారు, మరి ఒక్క ఇంజెక్షన్‌కే ఎలా తగ్గింది? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పెట్రీ_ప్లేటు:
మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాను. రిపోర్టు గురించి మాత్రం చెప్పగలను.

వైడాల్ టెస్టు టైఫాయిడ్ క్రిమిని వెతకదండి. ఆ క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. చనిపోయిన సాల్మొనెల్లా టైఫి (టైఫాయిడ్ తెచ్చే క్రిమి) బాక్టీరియాని సీరమ్‌తో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో కలిపితే అవి ముద్దకడతాయా లేదా అని చూస్తాం, అంతే. ఓ అంటే బాక్టీరియా ఒంటి పైపొర మీద వచ్చే యాంటీబాడీ, హెచ్ అంటే అది ఈదడానికి వాడే తోకల మీద వచ్చేది. 1:160 అంటే సీరమ్‌ని 160 వంతులకు పలచన చేసినా ముద్దకట్టింది అని. 1896లో ఫ్రాన్స్‌లో వైడాల్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది, ఆ రోజుల్లో గొప్పదే, కాదనను.

కానీ ఈ యాంటీబాడీలు మామూలుగా మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో పైకి లేస్తాయి. మూడో రోజుకే 1:160 కనిపించిందంటే అవి ఈ జ్వరానివి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌వి కావచ్చు, వేరే సాల్మొనెల్లావి కావచ్చు. మలేరియా, డెంగీ లాంటివి వచ్చినప్పుడు కూడా పాత యాంటీబాడీలు మళ్లీ పైకి లేస్తాయి. హెచ్ అయితే జబ్బు తగ్గాక కూడా చాలా కాలం ఉండిపోతుంది. మన దగ్గర ఏ జబ్బూ లేని మనుషుల రక్తం తీసి చూసినా కొందరిలో 1:80 వరకు కనిపిస్తుంది. మీ నాన్నగారు అంటున్న 'రక్తంలో ఉండిపోవడం' చాలామంది విషయంలో ఇదే, ఉండిపోయేది యాంటీబాడీ, క్రిమి కాదు. నిజంగా క్రిమి ఉండిపోయేవాళ్లూ లేకపోలేదు, కొద్దిమందిలో అది పిత్తాశయంలో దాక్కుంటుంది, కానీ వాళ్లకు జ్వరమే ఉండదు. వందేళ్ల కిందట న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటామె అలాగే ఎంతోమందికి టైఫాయిడ్ అంటించింది, ఆమె మాత్రం తనకు ఏ జబ్బూ లేదనే గొడవ పెట్టుకుంది.

ఇక వైరస్ సంగతి. టైఫాయిడ్ బాక్టీరియా పొడవు సుమారు 2 నుంచి 5 మైక్రాన్లు, దానికంటూ సొంత గోడ ఉంటుంది, ప్రోటీన్లు చేసుకునే సొంత రైబోసోములు ఉంటాయి. సెఫ్ట్రియాక్సోన్ ఆ గోడ కట్టనివ్వదు, అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఆ రైబోసోముల్ని ఆపుతుంది. డెంగీ వైరస్ సుమారు 50 నానోమీటర్లు, అంటే బాక్టీరియా ముందు లెక్కలోకే రాదు, దానికి గోడా లేదు, రైబోసోమూ లేదు, మన కణంలో దూరి మనవే వాడుకుంటుంది. మందు కొట్టాల్సిన వస్తువే అక్కడ లేదు.

మర్నాటికే తగ్గడం గురించి: అసలైన టైఫాయిడ్‌కి సరైన మందు పడినా జ్వరం దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. వైరల్ జ్వరాలు చాలావరకు ఆ సమయానికి వాటంతటవే తగ్గుతాయి. పేరు ఇంజెక్షన్‌కి వస్తుంది. రెండూ ఒకేసారి రావడం అసాధ్యం కాదు గానీ, ఊళ్లో సగం మందికి 'వైరల్ ప్లస్ టైఫాయిడ్' రావడం మాత్రం నేను నమ్మను.

మానేరు_మనిషి:
చదవడానికి బాగుంది అన్నా, కానీ ల్యాబ్‌లో కూర్చుని చెప్పడం తేలిక. మా దగ్గర బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న క్రిమిని పెంచి చూసే పరీక్ష చేయాలంటే శాంపిల్ జిల్లా కేంద్రానికి పోవాలె, రిపోర్టు వచ్చేసరికి మూడు నాలుగు రోజులు. అప్పటిదాకా డాక్టర్ ఏం చేయాలె? టైఫాయిడ్ వదిలేస్తే మూడో వారంలో పేగుకు చిల్లు పడుతుంది, మా బంధువుల్లో ఒకాయనకు అదే అయింది, ఆపరేషన్ దాకా పోయింది. అందుకే ముందుజాగ్రత్తగా ఇస్తారు. ఇంకోటి, ఆ తమ్ముడు టైఫాయిడ్ టీకా ఏమన్నా వేసుకున్నాడా? దాంతో కూడా వైడాల్ పాజిటివ్ వస్తదని విన్న.

పెట్రీ_ప్లేటు:
చిల్లు సంగతి నిజమే. జ్వరం వారం దాటి రోజురోజుకీ పెరుగుతూ, కడుపునొప్పి, నాలుక మీద తెల్లటి పూత ఉన్న మనిషికి కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడం సరైనదే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ మొదలుపెట్టే ముందు కల్చర్‌కి రక్తం తీసి పెట్టాలి, ఒక్క డోసు పడ్డా క్రిమి దొరకడం కష్టమవుతుంది. కల్చర్‌లో కూడా దాదాపు సగం కేసులే దొరుకుతాయి, అది వేరే బాధ. దొరికితే మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా తెలిసిపోతుంది. ఒకప్పుడు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే తగ్గేది, ఇప్పుడు మన దేశంలో చాలావరకు లొంగదు. పక్కన పాకిస్తాన్ సింధ్‌లో 2016లో మొదలైన రకం సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగలేదు, వాళ్లకు నోటి మందుల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. మనం దాన్ని జలుబుకి మింగేస్తున్నాం.

టీకా మాట పాతకాలం టీకాకి సరిపోతుంది, అందులో చంపిన బాక్టీరియా మొత్తం ఉండేది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వేసేవి ఆ బాక్టీరియా పైపొరకి కూడా పైన ఉండే విఐ అనే తొడుగుతో మాత్రమే చేసినవి. హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ చేసే టైప్‌బార్ టీసీవీ కూడా అదే రకం, ఆరు నెలల పిల్లల నుంచి వేస్తారు. వాటికి ఓ, హెచ్ పెరగవు.

గోదారి_గట్టు:
చాలా థాంక్స్ అండి. అయితే ఇంజెక్షన్లు ఆపేయమని చెప్పమంటారా? ఇంకా మిగిలే ఉన్నాయి.

పెట్రీ_ప్లేటు:
ఫోరంలో ఎవరో అన్నారని ఆపొద్దండి. ఎవరైనా ఫిజీషియన్‌కి రిపోర్టులన్నీ చూపించి, మూడో రోజు వైడాల్ తప్ప టైఫాయిడ్‌కి వేరే ఆధారం ఉందా అని నేరుగా అడగండి.

నాకైతే టైఫాయిడ్ కన్నా ఆ తగ్గిన ప్లేట్‌లెట్ల మీదే ఎక్కువ అనుమానం. ఎన్ఎస్1 ఒక్కసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదనలేం. డెంగీలో జ్వరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం, అందరూ తగ్గిపోయిందనుకుని వదిలేసేదీ అప్పుడే. రేపు సీబీపీ మళ్లీ చేయించండి, ప్లేట్‌లెట్లతో పాటు హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతోందేమో కూడా చూడమనండి. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, బ్రూఫెన్ ఇవ్వొద్దు, పారాసిటమాల్ చాలు. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. హాస్టల్లో ఉన్నాడంటున్నారు కాబట్టి రూమ్మేట్‌కి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.