స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్: టిల్ట్ కొట్టబోతే స్మాష్ పడుతోంది, ఏం చేయాలి?

నింటెండో స్విచ్‌లో సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే ఫైటింగ్ గేమ్ కొత్తగా ఆడుతున్నాను, మార్త్ అనే కత్తి వీరుడితో. స్టిక్ మెల్లగా వంచి 'A' బటన్ నొక్కితే టిల్ట్ (త్వరగా ముగిసే చిన్న దెబ్బ), విదిలించి నొక్కితే స్మాష్ (నెమ్మదిగా ముగిసే పెద్ద దెబ్బ) అని తెలుసు. కానీ ఎదుటివాడు మీదికొచ్చేసరికి టెన్షన్‌లో వేలు ఆగదు. టిల్ట్ అనుకున్నది స్మాష్ అయిపోతుంది, అది ముగిసేలోపు వాడు నన్ను ఉతికేస్తాడు. సెట్టింగ్స్‌లో కుడి స్టిక్‌ను టిల్ట్‌కి మార్చుకోవడం మంచిదా, లేక చేతికే అలవాటు చేయాలా?

ఇంకోటి. జంప్, అటాక్ కలిపి నొక్కితే చిన్న గెంతుతోనే గాల్లో దెబ్బ పడుతుంది, అది హాయిగానే ఉంది. కాకపోతే మరీ దగ్గరికెళ్లిపోయి కత్తి మొన తగలడం లేదు. మార్త్ బలమంతా మొనలోనే కదా! ఈ దూరం అంచనా ట్రైనింగ్ మోడ్‌లో మీరెలా సాధన చేశారు? మార్త్‌లాగే ఆడుతూ, కత్తి పొడవునా ఒకే బలం ఉండే లూసినాకి మారిపొమ్మని మాత్రం చెప్పకండి.